ఆఫీసు తలుపుల కార్డులను పరీక్షించే పరికరాలు, పద్ధతి: నా అనుభవం

హైదరాబాద్ ఐటీ పార్కుల్లో ఆఫీసు తలుపులకు, టర్న్‌స్టైల్స్‌కు, పార్కింగ్ గేట్లకు వాడే కార్డుల భద్రతను పరీక్షించడం మా టీమ్ పని. ఉద్యోగికి తెలిసింది ఒకటే: కార్డు ఆనించగానే బీప్ మోగి తలుపు తెరుచుకుంటుంది. ఆ కాస్త సేపట్లో రీడర్ కార్డును ఏం అడిగింది, కార్డు ఏం బదులిచ్చింది, ఆ బదులు ఏ తీగ మీద కంట్రోలర్ (తలుపు తెరవాలా వద్దా తేల్చే పెట్టె) దాకా వెళ్లింది అన్నవి మేం తేల్చాలి. ఇటీవల పూర్తయిన ఒక ఆఫీసు ఆడిట్ ఎలా సాగిందో వరసగా చెబుతాను. అక్కడ పార్కింగ్‌కి ఒక తరం కార్డు, అంతస్తుల తలుపులకు మరో తరం, క్యాంటీన్‌లో గీసే అయస్కాంత పట్టీ కార్డు, మూడూ ఇంకా వాడుకలోనే ఉన్నాయి. అందువల్ల మా దగ్గరున్న పరికరాలన్నిటికీ పని పడింది.

అన్నిటికంటే ముందు కాగితం. ఐటీ పార్కుల్లో కింద లాబీలోని టర్న్‌స్టైల్స్, పార్కింగ్ గేట్లు సాధారణంగా భవన యాజమాన్యానివి. అంతస్తు తలుపులు అద్దెకున్న కంపెనీవి. కంపెనీ ఇచ్చిన అనుమతి లాబీకి చెల్లదు. కాబట్టి రెండు ఉత్తరాలు విడివిడిగా తీసుకోవాలి. ఏ తలుపులు, ఏ తేదీలు, ఏ వేళల్లో, ఏ కార్డుల మీద, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవన్నీ వాటిలో రాసి ఉండాలి. ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ మొత్తం యజమాని అనుమతి చుట్టూ తిరుగుతుంది. అవే పనులు మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పరీక్షకు ఉద్యోగుల కార్డులు వాడం. సెక్యూరిటీ విభాగం చేత కొత్తగా పరీక్ష కార్డులు ఇప్పించుకుని, వాటికి ఎవరి పేరూ లేకుండా చూస్తాం. ఎవరి కదలికల రికార్డూ మన చేతికి రాకుండా ఉండాలంటే ఇదే దారి.

ఇక సామాను. ప్రధాన పరికరం ప్రాక్స్‌మార్క్3. జోనథన్ వెస్ట్‌హ్యూస్ మొదలుపెట్టిన ఓపెన్ హార్డ్‌వేర్ ఇది. ఆఫీసు కార్డులు మాట్లాడే రెండు రేడియో పౌనఃపున్యాలు 125 కిలోహెర్ట్జ్, 13.56 మెగాహెర్ట్జ్; రెండింటికీ ఇందులో వేర్వేరు యాంటెన్నాలు ఉంటాయి. కార్డును చదవగలదు, కార్డులా నటించగలదు, రీడర్‌కీ కార్డుకీ నడుమ మాటలు వినగలదు. ఆర్డీవీ4 అనే ఖరీదైన రూపం ఒకటి, ఈజీ అనే చవక రూపం ఒకటి దొరుకుతాయి. ఆఫీసు ఆడిట్‌కి ఈజీ చాలు. కేవలం 13.56 వైపు చూసుకోవాలంటే పీఎన్532 మాడ్యూల్, లేదా అదే చిప్ ఉన్న ఏసీఆర్122యూ రీడర్ సరిపోతుంది. కానీ అవి మధ్యలో కూర్చుని వినడానికి పనికిరావు, 125 కార్డు వాటికి అసలు కనబడదు. ఫ్లిప్పర్ జీరో జేబులో పట్టుకుని తిరుగుతూ ఏ రకం కార్డో గుర్తించడానికి చక్కటిది. లోతైన పనికి మేం దాన్ని వాడం. వీటితో పాటు ఎన్ఎఫ్‌సీ ఉన్న ఆండ్రాయిడ్ ఫోను, అందులో కార్డు చిప్‌లు తయారుచేసే ఎన్ఎక్స్‌పీ వాళ్ల ట్యాగ్ఇన్ఫో యాప్, తీగల మీద సంకేతాలను రికార్డు చేసే ఎనిమిది చానళ్ల లాజిక్ అనలైజర్, మల్టీమీటర్, యూఎస్‌బీ మ్యాగ్‌స్ట్రైప్ రీడర్, మ్యాగ్నెటిక్ వ్యూయింగ్ ఫిల్మ్ ముక్క, మంచి టార్చి, సెంటీమీటరు మందం అట్టముక్కలు కొన్ని. అట్టముక్కలు ఎందుకో తర్వాత చెబుతాను.

ప్రాక్స్‌మార్క్‌ను పనికి సిద్ధం చేయడంలోనే చాలామంది ఆగిపోతారు. ఇందులో మూడు సంగతులు ముఖ్యం. మొదటిది, కంప్యూటర్‌లోని క్లయింటు (కమాండ్లు ఇచ్చే ప్రోగ్రాము), పరికరంలోని ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే ప్రోగ్రాము) ఒకే బిల్డు నుంచి రావాలి. వెర్షన్లు కలవకపోతే కొన్ని కమాండ్లు పనిచేసి కొన్ని చేయవు, తప్పు కార్డుదో పరికరానిదో తెలియదు. రెండోది, ప్రాక్స్‌మార్క్‌కి ఎక్కువగా వాడే ఐస్‌మ్యాన్ ఫర్మ్‌వేర్ కంపైల్ చేసేటప్పుడు ప్లాట్‌ఫామ్ సెట్టింగు ఆర్డీవీ4 మీద ఉంటుంది. ఈజీ బోర్డుకి దాన్ని జెనెరిక్‌గా మార్చి కంపైల్ చేయాలి. ఈజీలో 256 కిలోబైట్ల మెమరీ ఉన్న బోర్డులు కూడా వస్తాయి. పూర్తి ఇమేజ్ వాటిలో పట్టదు, కొన్ని ఫీచర్లు తీసేసి బిల్డు చేయాలి. మూడోది, లినక్స్‌లో మోడెమ్ మేనేజర్ అనే సర్వీసు. ప్రాక్స్‌మార్క్ సీరియల్ పోర్టులా కనిపిస్తుంది కాబట్టి ఆ సర్వీసు దాన్ని మోడెమ్ అనుకుని మాట్లాడబోతుంది. ఫ్లాష్ (ఫర్మ్‌వేర్ ఎక్కించడం) మధ్యలో అలా జరిగితే పరికరాన్ని మొదలుపెట్టే బూట్‌లోడరే పాడవచ్చు, ఆ తర్వాత చిప్‌కి నేరుగా జేట్యాగ్ తీగలు తగిలించి బతికించుకోవాలి. ఫ్లాష్ చేసే ముందు ఆ సర్వీసును తీసేయండి, లేదా ఆపేయండి. కేబులు కూడా చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది కాకుండా డేటా కేబులై ఉండాలి.

తర్వాత హెచ్‌డబ్ల్యూ ట్యూన్ కమాండ్ ఇచ్చి రెండు యాంటెన్నాల వోల్టేజీలు కాగితం మీద రాసుకోవాలి. చెక్క బల్ల మీద, దగ్గర్లో ఏ లోహమూ లేకుండా తీసిన అంకెలు అవి. సైట్‌కి వెళ్లాక అదే కమాండ్ మళ్లీ ఇచ్చినప్పుడు అంకె బాగా పడిపోతే కింద స్టీలు బల్లో, పక్కన ల్యాప్‌టాప్ మూతో ఉన్నట్టే. ఐటీ ఆఫీసు డెస్కుల్లో చెక్క కింద లోహపు చట్రం దాగి ఉంటుంది. కార్డు చదవకపోతే ముందు అక్కడి నుంచి లేచి కుర్చీ మీద పెట్టి చూడండి.

పరికరం తీయకముందే కార్డు గురించి టార్చి చాలా చెబుతుంది. చీకటి మూల చూసుకుని కార్డు వెనక టార్చి ఆనించండి. గుండ్రటి చుట్ట, వెంట్రుకంత సన్నని తీగ చాలా చుట్లు తిరిగి ఉంటే అది 125 కిలోహెర్ట్జ్. కార్డు అంచుల వెంబడి చతురస్రంగా నాలుగైదు చుట్లే ఉంటే 13.56 మెగాహెర్ట్జ్. రెండూ కనిపిస్తే అది కాంబో కార్డు, ఆ ఒక్క ప్లాస్టిక్‌లో రెండు చిప్‌లు ఉన్నాయి. ఈ ఆఫీసు ఐడీ కార్డుల్లో కొన్ని అలాంటివే. ఇది తెలియకుండా 125 వైపు వెతికే ఎల్ఎఫ్ సెర్చ్ కమాండ్ ఒక్కటే కొట్టి ఏదో ఒక నంబరు రాగానే ఆపేస్తే రెండో చిప్ సంగతి రిపోర్టులోకే రాదు. మందంగా ఉండే పార్కింగ్ కార్డులలోంచి వెలుతురు దాటదు, వాటికి నేరుగా పరికరమే.

పార్కింగ్ కార్డు ఈఎం4100 రకం. దీని తీరు ఎంత సరళమంటే, రీడర్ నుంచి శక్తి అందగానే తన 64 బిట్లను ఆపకుండా వల్లిస్తూనే ఉంటుంది. మొదట తొమ్మిది ఒకట్లు, తర్వాత నాలుగు బిట్లు ఒక ప్యారిటీ (తప్పు పట్టడానికి కలిపే బిట్) చొప్పున పది వరసలు, చివర నాలుగు నిలువు ప్యారిటీలు, ఒక సున్నా. అసలు సమాచారం 40 బిట్లే. ప్రశ్న, జవాబు, తాళంచెవి అనే మాటే లేదు; ఎవరి యాంటెన్నా దగ్గరికొచ్చినా అదే పాఠం. అంతకంటే ముఖ్యమైన సంగతి కార్డు వెనకే అచ్చై ఉంటుంది. ఉదాహరణకు 0012345678, దాని పక్కన 188,24910 అని ఉందనుకోండి. 188ని 65,536తో హెచ్చించి 24,910 కలిపితే 1,23,45,678 వస్తుంది. అంటే రెండూ ఒకే సంఖ్యకు రెండు రాతలు, ఆ సంఖ్యే తలుపు తెరిచే నంబరు. మెడలో వేలాడే కార్డును ఫోన్‌తో ఫొటో తీస్తే చాలు, చిప్‌ను తాకనక్కర్లేదు. ఐడీ కార్డు పట్టుకుని తీసుకున్న మొదటి రోజు సెల్ఫీలు ఇంటర్నెట్లో ఎన్ని ఉంటాయో చూస్తే దీని తీవ్రత అర్థమవుతుంది. మా రిపోర్టులో మొదటి సూచన రూపాయి ఖర్చు లేనిది: ఆ అచ్చు నంబరు మీద స్టిక్కర్ వేయండి, ఇకపై వచ్చే కార్డులు నంబరు లేకుండా ఆర్డరివ్వండి.

ఇక్కడ రుజువు కావాలంటే తిరిగి రాయగల టీ5577 ఖాళీ కార్డు మీద మన పరీక్ష కార్డు నంబరునే ఉంచి, అనుమతి ఉన్న గేటు దగ్గర సెక్యూరిటీ అధికారి సమక్షంలో చూపాలి. గేటు లేస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే చేతి కాపీయర్లు ఈ పనికి వద్దు. వాటిలో చాలా వరకు ఖాళీ కార్డు మీద తమ సొంత పాస్‌వర్డ్ వేసి వదులుతాయి, తర్వాత ఇంకో పరికరం దాన్ని మార్చలేదు. ఆడిట్ ముగియగానే పరీక్ష కార్డులన్నీ తుడిచి చూపాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

అసలు పని అంతస్తు తలుపుల దగ్గర. 13.56 వైపు వెతికే హెచ్ఎఫ్ సెర్చ్ కమాండ్ ఇస్తే ఆ కార్డు మొదటి పలకరింపులోనే తన రకం చెప్పేస్తుంది. శాక్ (కార్డు తన రకం తెలిపే బైటు) విలువ 08 అయితే ఎన్ఎక్స్‌పీ పాత కార్డు మైఫేర్ క్లాసిక్ 1కే, 18 అయితే 4కే, 20 అయితే డెస్‌ఫైర్ లాంటి పెద్ద ప్రోటోకాల్ మాట్లాడే చిప్, 00 అయితే అల్ట్రాలైట్ లేదా ఎన్‌ట్యాగ్ కుటుంబం. ఈ ఆఫీసులో పాత ఉద్యోగుల దగ్గర 08 కార్డులు, కొత్తవాళ్ల దగ్గర 20 కార్డులు. కంపెనీ వాళ్లు డెస్‌ఫైర్‌కి మారామని ధీమాగా ఉన్నారు, కొనుగోలు ఫైలులో కూడా అదే ఉంది.

క్లాసిక్ 1కే నిర్మాణం తెలిస్తే మిగతాది సులువు. 16 సెక్టార్లు, ఒక్కోదాంట్లో నాలుగు బ్లాకులు, బ్లాకుకి 16 బైట్లు. ప్రతి సెక్టారులో చివరి బ్లాకులో కీ ఏ ఆరు బైట్లు, అనుమతి బిట్లకు నాలుగు, కీ బీ ఆరు. కీ పొడవు 48 బిట్లే. క్లాసిక్ కార్డు వాడే క్రిప్టో1 అనే రహస్య గుప్తీకరణ పద్ధతిని 2007, 2008లలో పరిశోధకులు చిప్ పొరలను సూక్ష్మదర్శినిలో చూసి, రేడియో సంభాషణలు విశ్లేషించి విప్పేశారు. నైమేహెన్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వాళ్ల పని ఇందులో పేరుపొందింది. చైనా ఫూడాన్ సంస్థ అనుకూల చిప్ ఎఫ్ఎం11ఆర్ఎఫ్08ఎస్ ఆ దాడులను అడ్డుకునేలా తయారైంది కానీ, 2024 ఆగస్టులో క్వార్క్స్‌ల్యాబ్‌కు చెందిన ఫిలిప్ ట్యూవెన్ అందులో తయారీదారు పెట్టిన దొడ్డిదారి కీ ఉందని బయటపెట్టారు. మైఫేర్ కంపాటిబుల్ అని రాసి అమ్మే చవక కార్డులో ఏ చిప్ ఉందో కొనేటప్పుడు అడగరు. అడగాలి.

అయితే మా ఆడిట్‌లో కీలు ఛేదించాల్సిన అవసరమే రాలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కీ, అంటే పన్నెండు ఎఫ్‌లు, అన్ని సెక్టార్లకూ పనిచేసింది. తెరిచి చూస్తే సున్నా బ్లాకులో తయారీదారు నంబరు తప్ప మిగతా డేటా బ్లాకులన్నీ సున్నాలు. ఈ ఖాళీ చాలా విషయం చెబుతుంది. ఆఫీసు కార్డు మీద ఎవరూ ఏమీ రాయలేదంటే, రీడర్ లోపలి డేటా దేన్నీ చదవడం లేదన్నమాట. అది చదివేది యూఐడీ ఒక్కటే. యూఐడీ అనేది ఒకే చోట రెండు కార్డులు ఉంటే ఎవరితో మాట్లాడుతున్నామో తేల్చుకోవడానికి పెట్టిన సంఖ్య. ఏ కీ లేకుండా, అడిగిన ప్రతి ఫోనుకీ కార్డు దాన్ని చెబుతుంది. యూఐడీని మార్చుకోగల కార్డులు కూడా బజారులో దొరుకుతాయి. దాన్ని నమ్మి తలుపు తెరవడమంటే ఇంటి నంబరు తెలిసినవాడికల్లా తాళం తీసిచ్చినట్టే.

అసలు ఇబ్బంది ఆ పక్కనే ఉంది. కొత్త డెస్‌ఫైర్ కార్డు చిప్‌లో ఏఈఎస్ అనే గట్టి గుప్తీకరణ ఉంది, దాన్ని కాపీ చేయడం మా వల్ల కాదు. కానీ అదే తలుపు, అదే రీడర్, అదే సెట్టింగు. రీడర్ డెస్‌ఫైర్ కార్డును కూడా నంబరే అడుగుతుంటే లోపలి ఏఈఎస్ తలుపుకి ఏ విధంగానూ ఉపయోగపడదు. కార్డు మీద డబ్బు పెట్టి, రీడర్ కాన్ఫిగరేషన్ మర్చిపోయిన ఆఫీసులే మాకు ఎక్కువగా తగులుతాయి. కొనుగోలు ఫైలు చూసి ఇది తెలియదు, తలుపు దగ్గరే పరీక్షించాలి.

మొదటి పరీక్షకు పరికరమేదీ అక్కర్లేదు. ఎన్ఎఫ్‌సీ ఆన్ చేసిన ఆండ్రాయిడ్ ఫోను తెర వెలిగించి రీడర్‌కి ఆనించండి. కార్డులా పలికేటప్పుడు ఫోను సాధారణంగా ప్రతిసారీ కొత్తగా ఒక నాలుగు బైట్ల నంబరు చెబుతుంది, దాని మొదటి బైటు 08. ఆ నంబరు తాత్కాలికమైనదని ఈ కార్డుల అంతర్జాతీయ ప్రమాణం 14443లో 08కి ఉన్న అర్థం. ఇప్పుడు కంట్రోలర్ లాగ్ తెరవండి. ఫోను ఆనించిన ప్రతిసారీ ఒక కొత్త గుర్తుతెలియని కార్డు నమోదవుతుంటే రీడర్ యూఐడీనే పట్టుకుంటోంది. లాగ్‌లో ఏమీ రాకపోతే మంచి సూచనే, కానీ తీర్పు కాదు. కొన్ని రీడర్లు ఫోన్లను ముందే వడకడతాయి. సెక్యూరిటీ గదిలో కూర్చున్నవాళ్లు తమంతట తాము చేసుకోగల పరీక్ష ఇది, దీన్ని ప్రతి ఆఫీసుకీ చెబుతాను.

లాగ్‌లోనే మరో ఆనవాలు ఉంటుంది. ఎన్ఎక్స్‌పీ చిప్‌లకు ఏడు బైట్ల యూఐడీ 04తో మొదలవుతుంది, అది తయారీదారు కోడ్. రీడర్ నుంచి కంట్రోలర్‌కి 26 బిట్ల వీగాండ్ (రీడర్ నంబరును తీగ మీద పంపే పాత పద్ధతి) ఫార్మాట్ పెట్టి ఉంటే అందులో పట్టేది 24 బిట్లు: ఏ ఆఫీసు కార్డో చెప్పే 8 బిట్ల ఫెసిలిటీ కోడ్, 16 బిట్ల కార్డు నంబరు, రెండు చివర్లా ఒక్కో ప్యారిటీ. ఏడు బైట్లలో మూడే వెళ్తాయి. రీడర్ ముందు మూడు బైట్లు పంపేదైతే లాగ్‌లో ప్రతి డెస్‌ఫైర్ కార్డుకీ ఫెసిలిటీ కోడ్ 4 అని కనిపిస్తుంది. అలా అందరికీ 4 ఉందంటే యూఐడీని కత్తిరించి పంపుతున్నారని తేలిపోయినట్టే. ఇందులో ఇంకో చిక్కు, మిగిలిన నాలుగు బైట్లు వేరైన రెండు కార్డులు కంట్రోలర్‌కి ఒకే కార్డుగా కనబడవచ్చు. ఇక వేర్వేరు కంపెనీల రీడర్లు బైట్లను ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి పంపుతాయి. ఒకే కార్డు రెండో అంతస్తులో ఒక నంబరు, ఐదో అంతస్తులో మరో నంబరుగా నమోదవుతోందని ఫిర్యాదు వస్తే ముందు బైట్ల వరస చూడండి.

తుది తీర్పు ప్రాక్స్‌మార్క్ వినికిడితోనే. హెచ్ఎఫ్ 14ఏ స్నిఫ్ పెట్టి, యాంటెన్నాను రీడర్‌కీ కార్డుకీ మధ్య ఉంచి, పరీక్ష కార్డు చూపి, ఆపాక ట్రేస్ లిస్ట్ (విన్న మాటల చిట్టా) తీయాలి. అట్టముక్కల పని ఇక్కడే. ప్రాక్స్‌మార్క్‌ను రీడర్ మీద నేరుగా ఆనిస్తే రెండు యాంటెన్నాలు ఒకదాని ట్యూనింగును మరొకటి చెడగొట్టుకుంటాయి, రీడర్ కార్డును చూడనే చూడదు. నడుమ అట్ట పెట్టి దూరం మారుస్తూ పోతే ఒక చోట రీడర్ బీప్ వస్తుంది, ట్రేస్‌లో రెండు వైపుల మాటలూ శుభ్రంగా పడతాయి. రీడర్ మాటలే వచ్చి కార్డు జవాబులు రాకపోతే కార్డు వైపు అట్ట పలచన చేయాలి.

ట్రేస్ చదవడం కష్టం కాదు. మొదట 26 లేదా 52, అది రీడర్ పిలుపు. తర్వాత 93 20, 93 70, ఏడు బైట్ల కార్డైతే ఆపై 95 20, 95 70. ఇదంతా నంబరు తెలుసుకోవడం. ఇక్కడితో మాట ఆగిపోయి, లేదా 50 00 అని కార్డును పడుకోబెట్టి, తలుపు తెరుచుకుంటే కథ అంతే. రీడర్ నిజంగా డెస్‌ఫైర్‌ను వాడుతుంటే ఆ తర్వాత ఈ0తో మొదలయ్యే పలకరింపు, 5ఏ అనే అప్లికేషన్ ఎంపిక, ఏఏ లేదా 71తో మొదలయ్యే ఆథెంటికేషన్ కనిపించాలి. ఈ ఆఫీసు ట్రేస్ 95 70 దగ్గర ముగిసింది. తలుపు తెరుచుకుంది. ఆ నాలుగైదు వరసల ట్రేస్ రిపోర్టులో పెట్టాక ఎవరితోనూ వాదించాల్సిన పని లేకపోయింది.

కార్డు సంగతి తేలాక తీగ. రీడర్ గోడకు బయటి వైపు ఉంటుంది, రెండు మరలు తీస్తే వెనక తీగలు బయటపడతాయి. వీగాండ్‌లో ఎరుపు 12 వోల్టులు, నలుపు గ్రౌండ్, ఆకుపచ్చ డీ0, తెలుపు డీ1 అన్నది ఆనవాయితీ. కానీ కాంట్రాక్టరు జాయింట్ల దగ్గర రంగులు మారిపోతుంటాయి, మల్టీమీటర్‌తో చూడకుండా ఏదీ తగిలించకండి. డేటా తీగలు ఊరికే ఉన్నప్పుడు 5 వోల్టుల దగ్గర నిలబడతాయి. అనలైజర్ 5 వోల్టులు తట్టుకునేదో కాదో చూసుకుని, గ్రౌండ్ కలిపి, రెండు చానళ్లు పెట్టి, సెకనుకి పది లక్షల శాంపిళ్లతో తీస్తే చాలు. కార్డు చూపగానే డీ0 కిందికి దిగితే సున్నా, డీ1 దిగితే ఒకటి. ఒక్కో దిగుడు 50 మైక్రోసెకన్ల ప్రాంతంలో, మధ్య ఎడం మిల్లీసెకను అటూఇటూ. 26 గుంటలు లెక్కపెట్టి ప్యారిటీలు తీసేస్తే నంబరు కళ్ల ముందు ఉంటుంది. కార్డు ఎంత మంచిదైనా ఈ తీగ మీద నంబరు బట్టబయలే, విన్నవాడు దాన్నే మళ్లీ పంపగలడు. మరలు తీసినప్పుడు ట్యాంపర్ అలారం మోగిందా లేదా అన్నది కూడా రాసుకోవాలి. ఇక్కడ ట్యాంపర్ తీగ రీడర్‌లో ఉంది, కంట్రోలర్‌కి కలపలేదు. ఇదీ తరచుగా చూసేదే.

క్యాంటీన్ స్వైప్ కార్డు త్వరగా తేలిపోయింది. వ్యూయింగ్ ఫిల్మ్‌ను నల్లపట్టీ మీద ఆనిస్తే సన్నని నిలువు గీతలు బారులుగా బయటపడతాయి. మొదటి ట్రాకు గీతలు బాగా దగ్గరగా, అంగుళానికి 210 బిట్లు. రెండోది ఎడంగా, 75 బిట్లు. మూడోది ఈ కార్డుల్లో ఖాళీ. ఒక్కో ట్రాకు వెడల్పు మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. యూఎస్‌బీ రీడర్ చాలా వరకు కీబోర్డులా ప్రవర్తిస్తుంది కాబట్టి నోట్‌ప్యాడ్ తెరిచి గీస్తే చాలు. రెండో ట్రాకు సెమీకోలన్‌తో మొదలై ప్రశ్నార్థకంతో ముగుస్తుంది, నడుమ 37 అంకెల దాకా పడతాయి. బ్రౌజరు తెరిచి ఉన్నప్పుడు మాత్రం గీయకండి, అక్షరాలు ఎక్కడ కర్సర్ ఉంటే అక్కడ పడి ఎంటర్ కూడా కొట్టేస్తాయి. ఇక్కడ రెండో ట్రాకులో ఉన్నది ఉద్యోగి నంబరు, అంతే. ఐడీ కార్డు ముందు వైపు అచ్చైన నంబరే అది. క్యాంటీన్ బిల్లు జీతంలోంచి పోతుంది కాబట్టి, ఎవరి నంబరుతోనైనా ఎవరైనా తినవచ్చు.

పట్టీ చదవడంలో వచ్చే లోపాలు దాదాపు అన్నీ యాంత్రికమైనవి. చేతి వేగం మధ్యలో మారితే బిట్లు తప్పుతాయి, ఒకే ఊపుతో గీయాలి. రీడర్ హెడ్‌కి మురికి పడితే క్లీనింగ్ కార్డు వాడాలి. కోఎర్సివిటీ అంటే పట్టీని చెరపడానికి కావలసిన అయస్కాంత బలం. లో కోఎర్సివిటీ పట్టీ 300 ఓర్‌స్టెడ్ స్థాయిది, సాధారణంగా గోధుమ రంగు. ఫోన్ కవరు అయస్కాంతం దాన్ని చెరిపేస్తుంది. హై కోఎర్సివిటీ పట్టీ నల్లగా, 2750 ఓర్‌స్టెడ్ ప్రాంతంలో ఉంటుంది, అంత తేలిగ్గా చెరగదు. చెరగకపోవడం వేరు, కాపీ కాకపోవడం వేరు. ఏ పట్టీకీ రెండోది లేదు.

ఇది చూడగానే క్లయింటు వైపు వాళ్లు బ్యాంకు కార్డుల గురించి అడుగుతారు. వాటి మీద పట్టీ ఇంకా ఉంది, కానీ మన దేశంలో పట్టీ మాత్రమే ఉన్న కార్డులను 2018 డిసెంబర్ 31 నాటికి చిప్ కార్డులుగా మార్చాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. రెండో ట్రాకులో గడువు తేదీ తర్వాత వచ్చే మూడంకెల సర్వీస్ కోడ్ 2తో మొదలైతే ఈ కార్డుకి చిప్ ఉంది, చిప్‌నే వాడు అని టెర్మినల్‌కి చెప్పినట్టు. పట్టీలోని ధృవీకరణ విలువ, చిప్‌లోని విలువ, కార్డు వెనక అచ్చైన సీవీవీ మూడూ వేరు కాబట్టి, ఒక చోట దొరికింది ఇంకో చోట వాడితే బ్యాంకు పట్టుకోగలదు. ట్యాప్ చేసినప్పుడు చిప్ ఆ ఒక్క లావాదేవీకే పనికొచ్చే క్రిప్టోగ్రామ్ తయారుచేస్తుంది. 2021 జనవరి 1 నుంచి పిన్ లేకుండా ట్యాప్ పరిమితి 5,000 రూపాయలు. బ్యాంకు యాప్‌లో దాన్ని తగ్గించుకోవచ్చు, పూర్తిగా ఆపుకోవచ్చు. ఫోన్ యాప్‌తో మీ కార్డు నంబరు, గడువు చదవడం వీలే, కానీ తలుపు కార్డులా ఆ నంబరు ఒక్కటే సరిపోదు. తలుపుల వాళ్లు నేర్చుకోవాల్సింది ఇదే తేడా. పేమెంట్ టెర్మినళ్లు మన ఆడిట్ పరిధిలోకి రావు, బ్యాంకుల సొంత వ్యవస్థ వాటిని చూసుకుంటుంది. వాటి మీద ఈ పరికరాలేవీ ప్రయోగించకండి.

దిద్దుబాటులో ఖర్చు అనుకున్నంత ఉండదు. ఈ ఆఫీసు రీడర్లకు డెస్‌ఫైర్ చదివే శక్తి ముందే ఉంది, కాన్ఫిగరేషన్ కార్డు చూపి మార్చడమే తరువాయి. కార్డుల మీద ఒక అప్లికేషన్ సృష్టించి, అందులో ఉద్యోగికి ఒక అంతర్గత సంఖ్య రాసి, ఏఈఎస్ కీతో కాపాడాలి. ఆ కీ అన్ని కార్డులకూ ఒకటే కాకుండా మాస్టర్ కీ నుంచి ఒక్కో కార్డుకి వేరుగా పుట్టాలి; ఒక కార్డు కీ బయటపడినా మిగతావి నిలబడతాయి. మాస్టర్ కీ ఎవరి దగ్గర ఉంటుంది అన్నది కాంట్రాక్టులో రాయించండి. విక్రేత తన సొంత కీనే పెట్టి, అదే కీ తన ఇతర ఖాతాదారులకూ వాడితే పక్క ఆఫీసు లీకు మీ తలుపు దాకా వస్తుంది. కీ మీ దగ్గర లేకపోతే రేపు విక్రేతను మార్చినప్పుడు కార్డులన్నీ మళ్లీ కొనాలి. తీగకు వీగాండ్ బదులు ఆర్ఎస్485 వైరింగ్ మీద ఓఎస్‌డీపీ (రీడర్, కంట్రోలర్ మాట్లాడుకునే కొత్త ప్రమాణం), అందులో మాటలను గుప్తంగా పంపే సెక్యూర్ చానల్ ఆన్ చేయాలి. ఓఎస్‌డీపీ పెట్టి సెక్యూర్ చానల్ ఆపి ఉంచితే మార్పు పేరుకే. ఇన్‌స్టాలేషన్ కోసం ప్రమాణంలోనే ప్రకటించిన డిఫాల్ట్ కీ ఒకటి ఉంటుంది, పని ముగిశాక దాన్ని మార్చారో లేదో కంట్రోలర్ స్క్రీన్ మీద మీ కళ్లతో చూడండి.

అన్నిటికంటే ఎక్కువగా జారిపోయేది పాత మోడ్. కార్డులు మార్చే కొన్ని వారాల పాటు రీడర్లు పాతవీ కొత్తవీ రెండూ చదవాలి, అది తప్పదు. చివరి ఉద్యోగి కొత్త కార్డు తీసుకున్న రోజే యూఐడీ మోడ్, 125 కిలోహెర్ట్జ్ మోడ్ రెండూ ఆపేయాలని పని ఉత్తరువులోనే తేదీతో రాయాలి. లేకపోతే కొత్త కార్డు కూడా యూఐడీగా నమోదై నడుస్తూనే ఉంటుంది, ఎవరికీ తేడా తెలియదు. మూసేశాక తిరిగి పరీక్షించేటప్పుడు ప్రతి రీడర్ దగ్గరా నాలుగు చూపుతాం: పాత పార్కింగ్ కార్డు, ఖాళీ క్లాసిక్ కార్డు, ఆండ్రాయిడ్ ఫోను, కొత్త డెస్‌ఫైర్ కార్డు. మొదటి మూడింటికీ తలుపు తెరుచుకోకూడదు, లాగ్‌లో వాటి యూఐడీలు పడకూడదు. నాలుగోదానికి తెరుచుకోవాలి, ట్రేస్‌లో 95 70 తర్వాత ఈ0, 5ఏ, ఆథెంటికేషన్ కనిపించాలి. నాలుగూ సరిపోయిన రీడర్‌కే రిపోర్టులో టిక్కు పెడతాం. ఆపై పరీక్ష కార్డులు తుడిచి, ట్రేస్‌లు క్లయింటుకి అప్పగించి, మా ల్యాప్‌టాప్‌లో కాపీలు చెరిపేసి, ఆ సంగతి కూడా సంతకంతో రాసిస్తాం.